ఆవిరి పెట్టి తారు లాంటి క్రూడ్ తీయడం: అందరూ అడిగే ప్రశ్నలు, నా జవాబులు

మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. నా ఉద్యోగం మాత్రం కెనడాలో, ఆల్బర్టా ఉత్తరాన ఫోర్ట్ మెక్‌ముర్రేకి దక్షిణంగా అడవిలో ఉన్న ఒక స్టీమ్ ప్లాంటులో. సెలవుకి ఊరొచ్చి "ఆయిల్ కంపెనీలో పని" అనగానే మనవాళ్లు సముద్రం మధ్యలో రిగ్గూ హెలికాప్టరూ ఊహించుకుంటారు. విషయం చెప్పాక "అంటే బాయిలర్ దగ్గరా?" అని కాస్త నీరసపడతారు. అవును, బాయిలర్ దగ్గరే. ఈ రకం క్రూడ్ విషయంలో బాయిలరే అసలు బండి, బావి దాని వెనక వచ్చేదే. చుట్టాలు, స్నేహితులు, బీటెక్ కుర్రాళ్లు ఇన్నేళ్లుగా అడిగినవన్నీ గుర్తున్నంతవరకు ఇక్కడ పెట్టాను.

నూనె బావిలోకి ఆవిరి ఎందుకు పంపాలి? పంపు పెట్టి తోడుకోవచ్చు కదా?

తోడాలంటే ముందు అది కదలాలి కదా. క్రూడ్ అనగానే మనకి డీజిల్‌లా జారేది గుర్తొస్తుంది. ఇక్కడ భూమిలో ఉన్నది ఇసుక రేణువులకి పట్టుకుని కూర్చున్న తారు. దాన్ని బిట్యుమెన్ అంటారు. బావి తవ్వి పంపు దించితే ఒక్క చుక్క కూడా బావి వైపు జరగదు. వేడి చేస్తే మాత్రం జారుతుంది. అంతే సంగతి, మిగతాదంతా ఆ వేడిని నేల కిందకి ఎలా చేర్చాలి, చేర్చింది వృథా పోకుండా ఎలా చూసుకోవాలి అనే గొడవే.

బెల్లం వండే చోట నిలబడ్డవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పెనంలో మరుగుతున్నంతసేపూ పాకం గరిటె నుంచి ధారగా కారుతుంది. అచ్చులో పోసి ఒక పూట వదిలేస్తే దిమ్మ. బెల్లం అదే, వేడి ఒక్కటే తేడా.

ఎంత చిక్కగా ఉంటుంది? అంకెల్లో చెప్పండి.

చిక్కదనాన్ని సెంటీపాయిజ్‌లలో కొలుస్తారు. నీళ్లది సుమారు 1. ఆముదం మామూలు వేడిలో వెయ్యికి అటూ ఇటూ. మేముండే అథబాస్కా ప్రాంతపు బిట్యుమెన్ నేల కింద ఉండే పది డిగ్రీల చలిలో పది లక్షలు దాటుతుంది. అదే బిట్యుమెన్‌ని 200 డిగ్రీలు దాటించండి, పది దగ్గరికి వచ్చేస్తుంది, అంటే వంటనూనె కంటే పల్చన. లక్ష రెట్లు తగ్గడం అంటే మాటలు కాదు.

ఇంకో కొలత ఏపీఐ గ్రావిటీ. ఇందులో నీళ్లది 10 డిగ్రీలు. అంకె పెరిగేకొద్దీ నూనె తేలిక. మన రవ్వ క్షేత్రం క్రూడ్ 35 దగ్గర ఉంటుంది, అది లైట్. 22 కంటే తక్కువైతే హెవీ అంటారు. కాలిఫోర్నియాలో కెర్న్ రివర్ క్రూడ్ 13. మా దగ్గరిది 8, అంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది. నూనె నీళ్ల మీద తేలుతుందని చిన్నప్పుడు చదువుకున్నది ఇక్కడ చెల్లదు.

ఒకసారి జనవరిలో, బయట మైనస్ ముప్పై ఎనిమిది ఉన్న రోజున, శాంపిల్ పట్టుకోవడానికి వెళ్లాను. వాల్వు తిప్పితే బాటిల్లోకి కాఫీలా, నురగతో సహా జరజరా పడింది. మూత బిగించి, లేబుల్ మీద టైము రాసి, గ్లవ్ మళ్లీ తొడుక్కుని ల్యాబ్ దాకా నడిచేసరికి బాటిల్ తలకిందులు చేసినా లోపలిది కదల్లేదు. ఆ రోజు అర్థమైంది మేం అమ్మేది ఏమిటో.

ఆవిరే ఎందుకు? వేడినీళ్లు పంపితే చాలదా?

పంపి చూశారు, 1950లలో బావి అడుగున హీటర్లు కూడా దించి చూశారు. బావి చుట్టూ కొంచెం మేర కరుగుతుంది, అంతకుమించి పోదు.

ఆవిరి గొప్పతనం అంతా గుప్తోష్ణంలో ఉంది. ఇరవై డిగ్రీల కిలో నీళ్లని వందకి తేవడానికి 335 కిలోజౌళ్లు పడితే, ఆ వంద డిగ్రీల నీళ్లనే ఆవిరి చేయడానికి ఇంకో 2,257 కావాలి. ఆవిరి ఆ వేడంతా కడుపులో దాచుకుని వెళ్తుంది. చల్లటి ఇసుక తగలగానే నీరైపోతూ మొత్తం అక్కడే వదిలేస్తుంది. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు చెయ్యి కాలినవాళ్లకి తెలుసు, వేడినీళ్లు పడ్డదానికీ ఆవిరి కొట్టినదానికీ తేడా. పైగా ఆవిరి తేలిక కాబట్టి తనంతట తానే పైకి ఎగబాకి కొత్త చోట్లకి వెళ్తుంది, నీళ్లయితే అడుగున మడుగు కట్టుకుని కూర్చుంటాయి.

మొదట ఎవరికి తట్టింది?

ఇందులో ఒక భాగం ఎవరికీ తట్టలేదు, అదే జరిగిపోయింది. 1959లో వెనిజులాలో మరకైబో సరస్సు తూర్పున మెనె గ్రాండే అనే చోట షెల్ వాళ్లు ఒక బావిలోకి ఆవిరి పంపి పక్క బావుల వైపు నూనెని నెట్టాలని ప్రయోగం చేస్తున్నారు. ఒత్తిడి ఎక్కువై ఆవిరి ఎక్కడో నేల చీల్చుకుని బయటికి తన్నింది. కంగారుపడి ఒత్తిడి తగ్గిద్దామని ఆవిరి పంపుతున్న బావినే తెరిచారు. అందులోంచి నూనె రావడం మొదలైంది, అదీ బాగా. ఆవిరి పంపిన బావి నుంచే నూనె తీయొచ్చు అని అలా తెలిసింది. నాకు ఈ రంగంలో నచ్చిన కథ ఇదొక్కటే, ఎందుకంటే ఇందులో కంపెనీ ప్రజెంటేషన్‌లో పెట్టుకునే తెలివితేటలు ఏమీ లేవు, వాల్వు తిప్పిన మనిషి భయం ఉంది.

కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ పక్కన కెర్న్ రివర్ది ఇంకో దారి. అక్కడ 1899లో నది ఒడ్డున మనుషులు చేత్తో తవ్విన బావిలో నూనె పడింది. కొన్నేళ్లు బ్రహ్మాండంగా వచ్చి తర్వాత అర్ధ శతాబ్దం నీరసంగా ఈడ్చింది. ఉన్నదాంట్లో పదో వంతు తీస్తే గొప్ప, మిగతాది చిక్కగా అక్కడే ఉండిపోయింది. 1960లలో ఆవిరి మొదలుపెట్టాక ముసలి క్షేత్రానికి మళ్లీ ప్రాణం వచ్చి 1980ల మధ్యకి రోజుకి లక్ష బ్యారెళ్లు దాటింది. మొత్తం ఉత్పత్తి 2007లో 200 కోట్ల బ్యారెళ్లు దాటింది. ఇండోనేషియాలో సుమత్రా దీవి మీద దురి క్షేత్రంలో 1985లో ఇదే పద్ధతి ఇంకా పెద్ద ఎత్తున మొదలైంది.

హఫ్ అండ్ పఫ్, స్టీమ్ ఫ్లడ్, సాగ్‌డీ అంటారు. తేడా ఏమిటి?

హఫ్ అండ్ పఫ్ అంటే మెనె గ్రాండేలో అనుకోకుండా జరిగినది. ఒకే బావి. కొన్ని వారాలు ఆవిరి పంపుతారు, మూసేసి కొన్ని రోజులు నాననిస్తారు, తర్వాత అదే బావి నుంచి నెలల తరబడి నూనె తోడతారు. చల్లబడ్డాక మళ్లీ మొదలు. ఆల్బర్టాలోనే కోల్డ్ లేక్ దగ్గర ఇంపీరియల్ ఆయిల్ 1985 నుంచి వాణిజ్యపరంగా చేస్తున్నది ఇదే, అక్కడ ఆవిరి 300 డిగ్రీలు దాటి ఉంటుంది.

స్టీమ్ ఫ్లడ్‌లో కొన్ని బావులు ఆవిరి పంపడానికే, వాటి చుట్టూ ఉన్నవి తోడడానికే. కెర్న్ రివర్, దురి ఈ రకం.

సాగ్‌డీ (స్టీమ్ అసిస్టెడ్ గ్రావిటీ డ్రైనేజ్) మా పద్ధతి. రోజర్ బట్లర్ అనే ఇంజినీర్ ఇంపీరియల్‌లో ఉండగా 1970లలో రూపం ఇచ్చాడు. రెండు అడ్డబావులు తవ్వుతారు, అంటే కిందకి దిగి తర్వాత నేలకి సమాంతరంగా అర కిలోమీటరో, కిలోమీటరో సాగేవి. ఒకదాని మీద ఒకటి, మధ్యలో సుమారు 5 మీటర్లే ఎడం. పై బావి లోంచి ఆవిరి. అది పైకి ఎక్కి చుట్టూ ఒక గదిలా పరుచుకుంటుంది. ఆ గది అంచుల్లో కరిగిన బిట్యుమెన్, నీరైన ఆవిరి, రెండూ తమ బరువుకి తామే కిందకి జారి కింది బావిలో పడతాయి. నూనెని నెట్టే పని మనం చేయం, అది భూమ్యాకర్షణ వంతు.

కాగితం మీద బాగానే ఉంది, నిజంగా జారుతుందా అని నిరూపించడానికి ఆల్బర్టా ప్రభుత్వ సంస్థ అయోస్ట్రా 1980లలో ఏం చేసిందంటే, గనిలో దిగినట్టు నిలువు సొరంగాలు తవ్వి, తారు ఇసుక పొర కింద ఉన్న సున్నపురాయిలోకి వెళ్లి, అక్కడి నుంచి పైకి ఎక్కుతూ బావులు తవ్వింది. నూనె పొర కింద మనుషులు నిలబడి తలపైకి డ్రిల్ చేయడం ఊహించండి. అప్పటికి పైనుంచి అడ్డబావులు అంత కచ్చితంగా తవ్వడం చేతకాదు. ఆ ప్రయోగం నెగ్గింది. 2001లో ఫోస్టర్ క్రీక్‌లో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది.

స్విచ్ వేయగానే నూనె వస్తుందా?

రాదు. రెండు బావుల మధ్య ఆ 5 మీటర్ల ఇసుక కూడా గడ్డే కాబట్టి ముందు రెండింట్లోనూ ఆవిరి తిప్పుతూ ఆ ఎడం కరిగించాలి. మూడు నెలలు అటూ ఇటూ పడుతుంది. ఆ మూడు నెలలూ గ్యాస్ బిల్లు తప్ప ఏమీ కనిపించదు, మేనేజర్లకి టెన్షన్ ఎక్కువయ్యే కాలం అదే. తర్వాత కింది బావిని తోడటానికి మారుస్తారు.

అప్పుడు కొత్త తలనొప్పి. కింది బావి పైన ద్రవం మడుగు ఎప్పుడూ కొంచెం నిలిచి ఉండాలి. ఆత్రంగా తోడేస్తే మడుగు తరిగి పైనున్న ఆవిరి తిన్నగా బావిలోకి దూకుతుంది, లోపలి జల్లెడ గొట్టాన్ని ఇసుకతో కోసేస్తుంది, పంపు పాడవుతుంది, ముఖ్యంగా డబ్బు పెట్టి కాచిన వేడి పనికిరాకుండా తిరిగొచ్చేస్తుంది. మరీ నెమ్మదిగా తోడితే మడుగు పెరిగి ఆవిరి గదికి అడ్డం పడుతుంది. అందుకని వచ్చే ద్రవం వేడి, ఆ ఒత్తిడి దగ్గర నీళ్లు మరిగే వేడి కంటే కొన్ని డిగ్రీలు తక్కువ ఉండేలా చూసుకుంటాం. దీన్ని సబ్‌కూల్ అంటారు. కంట్రోల్ రూములో రాత్రంతా మనిషి చూస్తూ కూర్చునేది ఆ ఒక్క అంకెనే. బెల్లం పాకం దించే అదను లాంటిది, కాకపోతే చూడటానికి పాకం కనిపించదు, అది నాలుగు వందల మీటర్ల కింద ఉంటుంది.

ఒక బ్యారెల్ తీయడానికి ఎంత ఆవిరి? ఎంత గ్యాస్? గిట్టుబాటేనా?

ఇది సరైన ప్రశ్న. దీన్ని అడిగింది బీటెక్ కుర్రాళ్లు కాదు, మా చిన్నాన్న. ఆయన బెల్లం వండినన్నాళ్లూ ఒకటే లెక్క చూసేవాడు: చెరకు పిప్పి చాలుతుందా, కట్టెలు కొనాలా. పిప్పితోనే పొయ్యి గడిచిపోతే లాభం, కట్టె కొన్నామా పోయినట్టే.

మా దగ్గర ఆ లెక్క పేరు స్టీమ్ ఆయిల్ రేషియో. ఒక బ్యారెల్ నూనెకి ఎన్ని బ్యారెళ్ల నీళ్లని ఆవిరి చేశామనేది. రెండు అయితే పండగ. మూడు అయితే బతకొచ్చు. నాలుగు, ఐదు అయితే గ్యాస్ చవగ్గా ఉన్నంతకాలం నెట్టుకురావచ్చు, తర్వాత మూసుకోవాలి. రెండున్నర అనుకుందాం. బ్యారెల్ అంటే 159 లీటర్లు కాబట్టి, ఒక బ్యారెల్ నూనెకి దాదాపు 400 లీటర్ల నీళ్లు మరిగించి ఆవిరి చేయాలి. దానికి సుమారు వెయ్యి ఘనపుటడుగుల సహజవాయువు కాలుతుంది. మనింటి లెక్కలో ఒకటిన్నర గ్యాస్ బండ. బ్యారెల్ నూనెలో ఉన్న శక్తిలో ఆరో వంతు దాన్ని తీయడానికే ఖర్చన్నమాట, ఇక శుద్ధి చేయడం, మోయడం వేరే.

చిన్నాన్నకి ఈ లెక్క చెప్తే "ఆరు దిమ్మలకి ఒక దిమ్మ పొయ్యిలో పెట్టడమా!" అన్నాడు. తప్పేం కాదు. అసలు కెర్న్ రివర్‌లో మొదట్లో బాయిలర్లలో కాల్చింది అక్కడ తీసిన క్రూడ్‌నే, అచ్చంగా పిప్పి పద్ధతి. తర్వాత గ్యాస్‌కి మారారు, ఆ వేడితో కరెంటు కూడా తీసి అమ్మడం నేర్చుకున్నారు.

ఈ రేషియో ఎందుకు పాడవుతుందంటే, ప్రధానంగా వేడి నూనెకి కాకుండా రాళ్లకి పోతుంది. తారు పొర ముప్పై మీటర్ల మందం ఉంటే ఫర్వాలేదు. పది మీటర్లే ఉంటే ఆవిరి గది త్వరగా కప్పు తాకేసి, ఆ పైన ఉన్న పనికిరాని మట్టిని ఏళ్ల తరబడి కాస్తూ ఉంటుంది. పొరపైన నీళ్లో గ్యాసో ఉన్న చోటు తగిలితే ఆవిరి అటు పారిపోతుంది, వాటిని దొంగ పొరలనే పిలుస్తారు. లోతు ఎక్కువైతే కిందకి వెళ్లేలోపే గొట్టంలో చల్లారిపోతుంది. అందుకే ఆవిరి పెడదామని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఎంత నూనె ఉందని కాదు, పొర మందం ఎంత అని.

అన్ని నీళ్లు ఎక్కడివి? చెరువులు ఎండగడతారా?

పంపిన నీళ్లే నూనెతో కలిసి తిరిగొస్తాయి. వాటిని విడదీసి, శుద్ధి చేసి మళ్లీ బాయిలర్‌కి. మంచి ప్లాంటులో తొంభై శాతానికి పైగా ఇలా తిరుగుతూనే ఉంటాయి. తగ్గినది చాలావరకు లోతైన బోర్ల ఉప్పునీళ్లతో పూడుస్తారు.

అసలు కష్టం ఆ నీళ్ల నాణ్యతది. ఇసుక లోంచి వచ్చినవి కాబట్టి సిలికా నిండా ఉంటుంది, గట్టిదనం (కాల్షియం లాంటి లవణాలు), నూనె ముక్కలు సరేసరి. బోరు నీళ్లు వాడే ఇంట్లో గీజర్ కాయిల్ మీద తెల్లగా పెచ్చు కట్టడం చూసే ఉంటారు, బాయిలర్ ట్యూబులో అదే జరిగితే ఆ చోట లోహం వేడెక్కి పగులుతుంది. అందుకని సున్నం వేసి సిలికా దించుతాం, రెజిన్ పడకల మీదుగా పంపి కాల్షియం తీసేస్తాం, ఇంత చేసినా మా బాయిలర్లలో నీళ్లని పూర్తిగా ఆవిరి చేయం. ఎనభై శాతం దగ్గర ఆపేస్తాం. మిగిలిన ఇరవై శాతం నీళ్లు ఉప్పంతా మోసుకుని బయటికి పోతాయి. ఈ రకం బాయిలర్‌లో నీళ్లు ఒక చివర దూరి ఒకే గొట్టం వెంట వెళ్లి రెండో చివర ఆవిరిగా వస్తాయి, నీళ్లనీ ఆవిరినీ విడదీసే డ్రమ్ము ఉండదు.

కెర్న్ రివర్‌లో నూనెతో వచ్చే నీళ్లలో ఉప్పు తక్కువ కాబట్టి శుద్ధి చేసి పక్కనున్న తోటలకి సాగునీరుగా ఇస్తున్నారు. దాని మీద అక్కడ వాదోపవాదాలు ఉన్నాయి, అయినా ఆ నీళ్లతో బాదం తోటలు పండుతున్నాయి.

ఇది ఫ్రాకింగేనా?

కాదు. ఫ్రాకింగ్‌లో విపరీతమైన ఒత్తిడితో నీళ్లూ ఇసుకా పంపి గట్టి రాయిని పగలగొడతారు. సాగ్‌డీలో రాయి పగలకూడదు, పైనున్న బంకమట్టి రాతి కప్పు పగిలితే కొంప మునుగుతుంది. కోల్డ్ లేక్ తరహా హఫ్ అండ్ పఫ్‌లో మాత్రం పొర చీలేంత ఒత్తిడి పెడతారు, కాబట్టి "అసలు పోలికే లేదు" అనేవాళ్ల మాట కూడా నమ్మకండి.

ప్రమాదకరమా?

ఆవిరి ఉన్నచోట ప్రమాదం ఉంటుంది. పాశర్లపూడిలో 1995లో బ్లోఅవుట్ మంటలు రెండు నెలలు చూసిన జిల్లాలవాళ్లకి నేను ధైర్యం చెప్పబోను. ఇక్కడి క్రూడ్‌కి తనంతట తాను ఎగదన్నే ఒత్తిడి లేదు, కాబట్టి అలాంటి బ్లోఅవుట్ భయం తక్కువ. మేం పెట్టే ఒత్తిడితోనే భయం. 2006 మే నెలలో ఆల్బర్టాలో జోస్లిన్ అనే చోట ఆవిరి రాతికప్పుని చీల్చుకుని పైకి వచ్చి, నేలలో పెద్ద గొయ్యి పడి రాళ్లు దూరంగా ఎగిరిపడ్డాయి. 2013లో కోల్డ్ లేక్ పక్కనే ప్రిమ్‌రోజ్‌లో బిట్యుమెన్ నెలల తరబడి నేల పగుళ్లలోంచి అడవిలోకి ఊరింది. కాలిఫోర్నియాలో 2011లో ఆవిరి పెట్టే క్షేత్రంలో కాళ్ల కింద నేల కుంగి ఒక ఉద్యోగి చనిపోయాడు. అక్కడి ప్రభుత్వం 2019 నవంబర్‌లో ఎక్కువ ఒత్తిడి హఫ్ అండ్ పఫ్‌కి కొత్త అనుమతులు ఆపేసింది.

ప్లాంటులో రోజువారీ ప్రమాదం వేరు. ఎక్కువ ఒత్తిడి ఆవిరి లీకైతే కంటికి కనపడదు. తెల్లగా పొగలా కనిపించేది అప్పటికే చల్లబడిన తుంపర, దాని మొదట్లో ఉన్న ఖాళీ జాగానే చెయ్యి కోసేసేది. పాతకాలపు బాయిలర్ మనుషులు చీపురు ముందు చాపి నడిచేవారట, చీపురు తెగిపడిన చోట లీకు. నేను చేరిన మొదటి చలికాలంలో ఒక సన్నటి ఇన్‌స్ట్రుమెంట్ ట్యూబు గడ్డకట్టి లెవెల్ తప్పు చూపించింది, రాత్రి షిఫ్టులో నేను ఆ అంకెనే నమ్మి నలభై నిమిషాలు కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన వచ్చి రెండో మీటరు చూడమంటే తెలిసింది. అప్పటి నుంచి ఒక్క మీటరు మాట వినను.

మన కోనసీమలో ఆవిరి పెడతారా?

అవసరం లేదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఉన్నది చాలావరకు గ్యాస్, తేలిక క్రూడ్. అవి తమంతట తామే వస్తాయి.

దేశంలో హెవీ ఆయిల్ ఉన్నది పడమట. గుజరాత్‌లో మెహసానా దగ్గర బలోల్, సంథాల్ క్షేత్రాల్లో ఓఎన్‌జీసీ 1990లలోనే వేరే దారి పట్టింది, గాలి పంపి భూమి లోపలే కొంత నూనెని తగలబెట్టి ఆ వేడితో మిగతాది కరిగిస్తారు. బాయిలర్ ఖర్చు లేదు, మంటని అదుపులో పెట్టుకోవడం మాత్రం వేరే విద్య. రాజస్థాన్‌లో బాగేవాలా దగ్గర ఆయిల్ ఇండియా వాళ్లు అచ్చంగా ఆవిరితో హఫ్ అండ్ పఫ్ చేస్తున్నారు. అక్కడ లోతు వెయ్యి మీటర్ల పైచిలుకు. వేడి దారిలోనే చల్లారే లోతది, అందుకే ఆ పని చేస్తున్నవాళ్లంటే నాకు గౌరవం. బాడ్‌మేర్ మంగళా క్షేత్రం వేరే కథ: అది తారు కాదు, మైనం ఎక్కువున్న క్రూడ్, చల్లారితే కొవ్వొత్తిలా గడ్డకడుతుంది కాబట్టి గుజరాత్ దాకా గొట్టమంతా వేడిచేస్తూ తీసుకెళ్తారు.

కువైట్, ఒమన్‌లో కూడా ఉందంటారు. ఎడారి నూనె తేలిక కదా?

అన్నీ కాదు. కువైట్ ఉత్తరాన రత్కా వైపు హెవీ ఆయిల్ ఉంది. ఒమన్‌లో ముఖైజ్నా పెద్ద స్టీమ్ ఫ్లడ్. గల్ఫ్‌లో మనవాళ్లు చాలామంది, కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వెళ్లి వెల్డింగూ ఇన్సులేషనూ చేసేవాళ్లు, ఇలాంటి స్టీమ్ లైన్ల మీదే పని చేస్తూ అది దేనికో తెలియకుండానే కాంట్రాక్టు ముగించుకుని వస్తారు.

ఎడారిలో ఎండతోనే ఆవిరి చేయొచ్చు కదా?

చేశారు. ఒమన్‌లో అమల్ దగ్గర మిరాహ్ అనే ప్రాజెక్టు 2017లో ఆవిరి ఇవ్వడం మొదలుపెట్టింది. వంపు అద్దాలని పెద్ద గాజు ఇళ్ల లోపల వేలాడదీశారు, ఇసుక గాలి నుంచి కాపాడటానికి. పైకప్పు కడగడానికి యంత్రాలు. ఆలోచన నాకు చాలా ఇష్టం. కట్టిన గ్లాస్‌పాయింట్ కంపెనీ మాత్రం 2020లో నూనె ధర పడిపోయినప్పుడు మూతపడి తర్వాత మళ్లీ లేచింది. సూర్యుడు పగలే ఉంటాడు, రాత్రి గ్యాస్ కావాలి. ఆల్బర్టా చలికాలపు ఎండతో అయితే టీ కూడా కాగదు.

పర్యావరణం సంగతి?

గ్యాస్ కాల్చడం వల్లే బ్యారెల్‌కి 50 కిలోల పైన కార్బన్ డయాక్సైడ్. తేలిక క్రూడ్‌కి ఈ మెట్టే ఉండదు, కాబట్టి ఎవరెంత నచ్చజెప్పినా ఇది ఎక్కువ కాలుష్యపు నూనె. నేను జీతం తీసుకునేది ఇందులోనే అయినా అది దాచను. తారు ఇసుకని పైనుంచి తవ్వే గనులతో పోలిస్తే నేల తక్కువ పాడవుతుంది, అవి లోతు తక్కువ ఉన్నచోటే కుదురుతాయి కూడా. ఆల్బర్టా తారు ఇసుక నిల్వల్లో దాదాపు ఎనభై శాతం గనికి అందని లోతులో ఉంది.

తగ్గించే ప్రయత్నాల్లో నాకు నమ్మకం ఉన్నది సాల్వెంట్ల మీద. ఆవిరితోపాటు బ్యూటేన్ లాంటిది కొంచెం కలిపితే బిట్యుమెన్ వేడికీ పల్చబడుతుంది, ఆ కలిపినదానికీ పల్చబడుతుంది, ఆవిరి తక్కువ చాలు. కోల్డ్ లేక్‌లో ఇలాంటి ప్రాజెక్టు ఒకటి 2024లో మొదలైంది. పంపిన సాల్వెంట్ ఎంత తిరిగొస్తుందన్నదే దాని పిప్పి లెక్క.

తీసిన తారు ఎలా పంపుతారు? ఇండియాకి వస్తుందా?

చల్లారితే మళ్లీ కదలదు కాబట్టి, పెట్రోలు లాంటి తేలిక ద్రవం కండెన్సేట్ మూడో వంతు దాకా కలిపి పైపులో పంపుతారు. దాని పేరు డిల్‌బిట్. గంధకం ఎక్కువ, శుద్ధి కష్టం, అందుకే ధర ఎప్పుడూ అమెరికా తేలిక క్రూడ్ కంటే తక్కువే పలుకుతుంది. 2024 మేలో ట్రాన్స్ మౌంటెన్ పైపు విస్తరణ పూర్తయి పసిఫిక్ తీరానికి దారి పెరిగింది, ఆ ఏడాదే జామ్‌నగర్ కోసం రిలయన్స్ ఈ రకం క్రూడ్ కొన్నట్టు వార్తలు వచ్చాయి. జామ్‌నగర్ లాంటి రిఫైనరీకి హెవీ అంటే భయం లేదు, చవగ్గా దొరికితే చాలు.

మా అబ్బాయి మెకానికల్. అక్కడ ఉద్యోగం వస్తుందా?

ఆల్బర్టాలో స్టీమ్ ప్లాంటు నడపాలంటే పవర్ ఇంజినీర్ సర్టిఫికెట్ కావాలి, నాలుగో క్లాసు నుంచి మొదలై ఒకటో క్లాసు దాకా ఎక్కాలి. మన దేశపు బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్ సర్టిఫికెట్ నేరుగా చెల్లదు, పరీక్షలు రాయాల్సిందే. కాకపోతే ఎన్టీపీసీలోనో స్టీల్ ప్లాంటులోనో బాయిలర్ ముందు నిలబడినవాడికి ఆ పరీక్షలు భయపెట్టవు. డిగ్రీ కంటే ఇది ముఖ్యం. ఇంకోటి, రెండు వారాలు క్యాంపు, ఒక వారం ఇల్లు లాంటి షిఫ్టులు ఉంటాయి. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడే ఇది చెప్పండి.

నూనె అయిపోయాక ఆ వేడంతా ఏమవుతుంది?

అక్కడే ఉంటుంది. ఆవిరి గది పది, పదిహేనేళ్లు పెరిగాక అంచుల్లో కరగాల్సింది తగ్గిపోతుంది, రేషియో పాడవుతుంది, అప్పుడు ఆవిరి క్రమంగా తగ్గించి దాని బదులు సహజవాయువు పంపుతారు, ఒత్తిడి నిలబడటానికి. ఆ చివరి ఏళ్లలో రాళ్లు దాచుకున్న వేడే కొంత నీళ్లని మళ్లీ ఆవిరి చేసి ఇంకొంత నూనె దించుతుంది, కొత్తగా గ్యాస్ కాల్చకుండా. బెల్లం దించేశాక పొయ్యి నిప్పుల మీద మా అమ్మ చిలగడదుంపలు పెట్టేది, అలాంటిది.

ఆవిరి వల్ల పైనున్న నేల కొన్ని పదుల సెంటీమీటర్లు ఉబ్బుతుంది, దాన్ని ఉపగ్రహాలతో కొలుస్తుంటారు. బావి మూసి సిమెంటు పోసి, పైపులు పీకేసి, స్ప్రూస్ మొక్కలు నాటాక కూడా కింద ఇసుక దశాబ్దాలపాటు వెచ్చగానే ఉంటుంది. ఆ వేడిని తిరిగి పైకి తీసుకొచ్చి దేనికైనా వాడదామని లెక్కలు వేసినవాళ్లు ఉన్నారు. మా ప్లాంటులో పాత ప్యాడ్ (ఒకేచోట తవ్విన బావుల గుంపు) ఒకటి మూసేశారు, ఇంకా ఎవరూ ఆ పని మొదలుపెట్టలేదు.